చదరంగం బల్ల మీద వడ్లు: 20 అంకెల సంఖ్యను చేత్తో ఎంతవరకు విప్పగలం?

గౌతమీతీరం (అమలాపురం)

మా అమ్మాయి పదో తరగతి. బళ్ళో గుణశ్రేఢి చెబుతూ చదరంగం కథ చెప్పారట. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ 64 గళ్ళూ నింపితే మొత్తం ఎన్ని గింజలు? ఫోన్ కాలిక్యులేటర్ 1.8446744 అని కొన్ని అంకెలు చూపించి, పక్కన పదికి 19వ ఘాతం అని పెట్టి ఊరుకుంటోంది. దీనికేమో చివరి అంకె దాకా కావాలి.

ఇంకో ప్రశ్న కూడా వేసింది. అంత పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్యా, కాదా? కాకపోతే దాని కారణాంకాలేంటి? జవాబు నెట్‌లో దొరుకుతుందని నాకూ తెలుసు. కాగితం, పెన్ను పెట్టుకుని ఎలా వెళ్ళాలో ఆ దారి చెప్పండి. వేసవి సెలవులే కాబట్టి తీరుబడిగా కూర్చుని చేస్తుంది.

లెక్కల మాస్టారు (రాజోలు)

ముందు మొత్తం సంగతి చూద్దాం. 64 గళ్ళూ కూడే పని లేదు. మొదటి గడిలో ఉన్న ఒక్క గింజ పక్కన ఇంకో గింజ అరువు తెచ్చి పెట్టమనండి. అక్కడ రెండయ్యాయి. రెండో గడిలోనూ రెండే ఉన్నాయి కాబట్టి కలిపితే నాలుగు. మూడో గడిలో నాలుగు, కలిపితే ఎనిమిది. ఇలా ఒక్కో గడినీ కలుపుకుంటూ పోతే 64వ గడి దాటేసరికి చేతిలో సరిగ్గా 2⁶⁴ ఉంటుంది. అరువు గింజ తిరిగిచ్చేయండి. 2⁶⁴ − 1. సూత్రం బట్టీ పట్టకుండానే వచ్చేసింది.

ఇక 2⁶⁴ విలువ. 64 సార్లు రెట్టింపు చేస్తే మధ్యలో ఎక్కడో కూడిక తప్పుతుంది, ఎవరికైనా తప్పుతుంది. దానికంటే వర్గాలు చేసుకుంటూ వెళ్ళడం మేలు. 2 వర్గం 4, దాని వర్గం 16, దాని వర్గం 256, దాని వర్గం 65,536. ఇక్కడికి 2¹⁶ అయింది. ఇంకా రెండే మెట్లు.

65,536ని 65,000 + 536 అని విడగొట్టండి. 65,000 వర్గం 4,22,50,00,000. రెండూ గుణించి రెట్టింపు చేస్తే 6,96,80,000. 536 వర్గం 2,87,296. మూడూ కలిపితే 4,29,49,67,296. ఇది 2³².

చివరి మెట్టుకి ఈ పదంకెల సంఖ్యను నడిమికి విరవండి: 42949, 67296.
42949 వర్గానికి 43000 − 51 అనుకుంటే 1,84,46,16,601 వస్తుంది.
రెండింటి లబ్ధానికి రెట్టింపు 5,78,05,91,808.
67296 వర్గానికి 67300 − 4 అనుకుంటే 4,52,87,51,616.
మొదటిదాని వెనక పది సున్నాలు, రెండోదాని వెనక ఐదు సున్నాలు పెట్టి మూడూ కూడితే:

18446744073709551616

ఒకటి తీసేస్తే 18446744073709551615. మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615. కోట్లలో చెప్పాలంటే ఒక లక్షా 84 వేల 467 కోట్ల కోట్ల పైచిలుకు.

అమ్మాయి ఈ మూడు గుణకారాలూ తన చేత్తో చెయ్యాలి. నేనిచ్చినవి సరిచూసుకోడానికి మాత్రమే.

చంపకమాల (పిఠాపురం)

మాస్టారూ నమస్కారం. నేను తెలుగు టీచర్ని. ఈ సంఖ్య నాకు లెక్కల పుస్తకంలో కాదు, పద్యంలో పరిచయం. తెలుగులో గణితగ్రంథం రాసిన పాతకాలపు కవి పావులూరి మల్లన పద్యంగా మనవాళ్ళు చెప్పుకుంటారు. ఎత్తుగడ ఇది:

*శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ*
*ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం*
*జర తుహినాంశు…*

భూతసంఖ్యలు ఇవి. ఒక్కో మాటకీ ఒక్కో అంకె. శరాలు అంటే మన్మథుడి బాణాలు, 5. శశి 1. షట్కం 6. చంద్రుడు 1. శర 5, సాయక కూడా బాణమే, 5. రంధ్రాలు 9. వియత్తు ఆకాశం, 0. నగం కొండ, 7. అగ్ని 3. భూధరం మళ్ళీ కొండే, 7. గగనం 0. అబ్ధి 4. వేదాలు 4. గిరి 7. తర్కం 6. పయోనిధి 4. పద్మజాస్యం బ్రహ్మ ముఖాలు, 4. కుంజరాలు దిగ్గజాలు, 8. తుహినాంశుడు చంద్రుడు, 1.

ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకి రాసుకుంటూ పోవాలి. రాసి చూడండి. మాస్టారి జవాబే వస్తుంది, ఇరవై అంకెలూ. పద్యంలో ఆపైన 'తచ్చతురంగ గేహ' అని ఉంటుంది, అంటే చదరంగం గళ్ళు. సందేహానికి తావే లేదు.

మల్లన వంశానికి మా పిఠాపురం పక్కనున్న నవఖండవాడతో సంబంధం చెబుతారు. అమలాపురంలో పిల్ల అడిగిన లెక్కకి ఇంత దగ్గర్లో తెలుగులో పద్యరూపంలో జవాబుందంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. దయచేసి అమ్మాయికి పద్యం కూడా నేర్పండి.

పాతపుస్తకాలు (రాజమహేంద్రవరం)

టీచర్ గారి మాటకి కొంచెం చేర్పు. మల్లన గణితానికి మూలం మహావీరాచార్యుడి గణితసారసంగ్రహం. 9వ శతాబ్దం, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలం. మల్లనది రాజరాజ నరేంద్రుడి కాలమా, ఆ తర్వాతి తరమా అని పండితులు వాదించుకున్నారు గానీ, తెలుగులో తొలి శాస్త్రగ్రంథాల్లో అదొకటి అన్నదాంట్లో పేచీ లేదు.

ఈ సంఖ్య మన దగ్గరే పుట్టిందని మాత్రం అనుకోకండి. 1000వ సంవత్సరం ప్రాంతంలో అల్‌బెరూనీ అనే పండితుడు కూడా ఇదే సంఖ్యను చివరి అంకె దాకా రాశాడు, అదీ వర్గాలు చేసే దారిలోనే. చదరంగం భారతదేశం నుంచి పర్షియా, అరబ్బు దేశాలకి పాకింది. దానితో పాటు ఈ లెక్కా తిరిగింది.

ఒక అనుమానం. చేతిరాత ప్రతుల్లో ఒక్క మాట మారినా ఒక్క అంకె తారుమారవుతుంది. సాయక ఉండాల్సిన చోట ఇంకో మాట పడితే ఎలా పట్టుకునేవాళ్ళు?

లెక్కల మాస్టారు (రాజోలు)

తొమ్మిదితోనూ పదకొండుతోనూ శేషం చూస్తే పట్టేయొచ్చు.

తొమ్మిది: అంకెలన్నీ కూడితే 87. 8 + 7 = 15, 1 + 5 = 6. శేషం 6 రావాలన్నమాట. ఇప్పుడు వేరే దారిలో చూద్దాం. 2⁶ = 64, తొమ్మిదితో శేషం 1. కాబట్టి 2⁶⁰ శేషం కూడా 1. మిగిలింది 2⁴ = 16, శేషం 7. ఒకటి తీస్తే 6. సరిపోయింది.

అయితే రెండంకెలు అటూ ఇటూ మారితే కూడిక మారదు, తొమ్మిది పట్టుకోలేదు. దానికే పదకొండు. కుడి నుంచి ఒకటి విడిచి ఒకటి కూడితే 62, మిగతావి 25. తేడా 37, పదకొండుతో శేషం 4. అటు 2¹⁰ = 1024, శేషం 1. 2⁶⁰ శేషం 1, 16 శేషం 5, ఒకటి తీస్తే 4. ఇదీ సరిపోయింది. పక్కపక్క అంకెలు తారుమారైతే ఈ శేషం చెడిపోతుంది కాబట్టి వెంటనే దొరికిపోతుంది.

పద్యానికైతే ఛందస్సు ఇంకో కాపలా. టీచర్ గారికి తెలియనిది కాదు.

చంపకమాల (పిఠాపురం)

అవును మాస్టారూ. శరకి బదులు సాయక వేస్తే అర్థం చెడదు, అంకె చెడదు, గణం చెడుతుంది. లేఖకుడు మారిస్తే చెవికే తెలిసిపోతుంది.

కొత్తపేట కుర్రోడు (కొత్తపేట)

పద్యం బాగుంది, కాదనను. కానీ మన పాతవాళ్ళూ మాస్టారిలాగే ఆరు వర్గాలతో చేశారని ఎలా అనగలం? 64 సార్లు రెట్టింపు చేసి రాసుకుని ఉండొచ్చుగా. మనకి తెలిసిన తెలివైన పద్ధతిని వెనక్కి తీసుకెళ్ళి వాళ్ళకి అంటగట్టడం నాకు నచ్చదు.

చంపకమాల (పిఠాపురం)

మంచి ప్రశ్న బాబూ. మల్లన ఏం చేశాడో నేను చూడలేదు, ఆ మాట అనను. పద్ధతి మాత్రం అతనికి చాలా ముందే ఉంది. పింగళుడనే ప్రాచీన పండితుడి ఛందశ్శాస్త్రంలో ఉంది.

ఒక పాదంలో ఇన్ని అక్షరాలుంటే లఘువు, గురువు కలిపి ఎన్ని రకాల పాదాలు వస్తాయి అన్నది ఛందస్సులో మొదటి లెక్క. ఒక్కో అక్షరానికి రెండు దారులు కాబట్టి రెండుని అన్నిసార్లు గుణించాలి. దానికి పింగళుడు చెప్పిన దారి: అక్షరాల సంఖ్యను సగం చెయ్యి, సగానికి తెగకపోతే ఒకటి తీసెయ్యి, ఇలా సున్నా దాకా వెళ్ళు. తిరిగి వచ్చేటప్పుడు ఒకటి తీసిన చోట రెట్టింపు, సగం చేసిన చోట వర్గం. 64 మీద వేసి చూడు. 32, 16, 8, 4, 2, 1, ఆపైన ఒకటి తీస్తే 0. వెనక్కి వస్తే ఒక రెట్టింపు, ఆరు వర్గాలు. మాస్టారు చేసింది అక్షరాలా ఇదే. మహావీరాచార్యుడు గుణశ్రేఢికి చెప్పిందీ ఈ కోవలోదే.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఆ పద్యం చంపకమాల వృత్తంలో ఉంది. పాదానికి 21 అక్షరాలు, న జ భ జ జ జ ర. 21 అక్షరాలకి వచ్చే పాదాలు 2²¹, అంటే 20,97,152 రకాలు. వాటిని వరసగా రాస్తే చంపకమాల ఎన్నోది? అన్నీ గురువులైన పాదం మొదటిది. అక్షరాల కింద 1, 2, 4, 8, 16 అని రెట్టింపు చేసుకుంటూ అంకెలు వేసుకుని, లఘువులున్న చోటి అంకెలు కూడి ఒకటి కలపాలి. చంపకమాలలో లఘువులు 1, 2, 3, 4, 6, 8, 9, 10, 12, 13, 15, 16, 18, 20 స్థానాల్లో ఉంటాయి. కూడితే 7,11,599. ఒకటి కలిపితే 7,11,600. ఛందోగ్రంథాల్లో చంపకమాల వృత్తసంఖ్య ఇదే. చదరంగం గళ్ళ లెక్కని, చదరంగం గళ్ళలాంటి లెక్కలో కూర్చున్న వృత్తంలోనే చెప్పారు.

కొత్తపేట కుర్రోడు (కొత్తపేట)

దీనికి నా దగ్గర ఎదురు మాట లేదు టీచర్ గారూ. వృత్తసంఖ్య కూడి చూశాను, వచ్చింది.

పొలంగట్టు (పెనుగొండ)

ఆయ్, నాకు మీ శేషాలు అవీ అంతగా రావండి. గింజలంటే మాత్రం మాట్లాడగలను. మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ, మా దగ్గర ఎంటీయూ 7029 అంటేనే తెలుస్తుంది, వెయ్యి గింజలు దగ్గర దగ్గర 20 గ్రాములు తూగుతాయి. అంటే కిలోకి 50 వేల గింజలు. మా వైపు బస్తా 75 కిలోలు కాబట్టి బస్తాకి 37 లక్షల 50 వేల గింజలు. ఈ లెక్క వేసుకుని గళ్ళు నింపుతూ పోయాను.

16వ గడికి వచ్చేసరికి మొత్తం 65,535 గింజలు. కిలో దాటిందంతే. రాజుగారు ధీమాగా ఉండుంటారు. 22వ గడి దగ్గర మొదటి బస్తా నిండి తొమ్మిది కిలోల దాకా మిగులుతుంది. 32వ గడి, అంటే సగం బల్ల అయ్యేసరికి 1,145 బస్తాలు. ఎకరాకి 40 బస్తాల దాళ్వా అనుకుంటే 29 ఎకరాల పంట లోపే. మా ఊళ్ళో ఇద్దరు ముగ్గురు రైతులు కలిస్తే ఇచ్చేస్తారండి.

మిగతా సగం బల్లకి లెక్క వేశాను. 4 లక్షల 92 వేల కోట్ల బస్తాలు. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి పండే వడ్లు 80 కోట్ల టన్నులకి అటూ ఇటూగా ఉంటాయి. ఆ లెక్కన 460 ఏళ్ళ పంట, ఒక్క గింజ ఎవరూ తినకుండా. ముందు సగం మూడు ఇళ్ళ గాదెల్లో పడుతుంది, వెనక సగం లోకంలో గాదెలన్నీ కలిపినా పట్టదు. రెట్టింపు అంటే ఏంటో నాకు ఇప్పుడు అర్థమైందండి. వడ్డీ వ్యాపారుల కాగితాలు ఇకమీదట జాగ్రత్తగా చూస్తాను.

గౌతమీతీరం (అమలాపురం)

పొలంగట్టు గారూ, మీ పోస్టు మా అమ్మాయి గట్టిగా చదివి ఇంట్లో అందరికీ వినిపించింది. మాస్టారూ, మూడు గుణకారాలూ చేసింది, వచ్చాయి. ఇప్పుడు కారణాంకాలు అడుగుతోంది. చివర 5 ఉంది కాబట్టి 5తో పోతుంది, అంకెల మొత్తం 87 కాబట్టి 3తో పోతుంది, 9తో పోదు, అక్కడిదాకా తనే చెప్పింది. 7తో భాగిస్తే శేషం 1 వచ్చిందట. ఇలా ఒక్కోటీ భాగించుకుంటూ పోవడమేనా?

లెక్కల మాస్టారు (రాజోలు)

అక్కర్లేదు. బల్ల వైపు చూడమనండి, కారణాంకాలు బల్ల మీదే కనిపిస్తాయి.

మొదటి వరసలో ఎనిమిది గళ్ళు. 1 + 2 + 4 + … + 128 = 255. రెండో వరసలో ప్రతి గడీ, దాని పైనున్న గడికి 256 రెట్లు. కాబట్టి రెండో వరస మొత్తం 255 × 256. మూడో వరస 255 × 256 × 256. ఎనిమిది వరసల్లోనూ 255 సామాన్యంగా ఉంది. అంటే మొదటి వరస మొత్తం, బల్ల మొత్తాన్ని నిశ్శేషంగా భాగిస్తుంది. ఇదే మాట నాలుగు గళ్ళకీ (15), రెండు వరసలకీ (65,535), సగం బల్లకీ (4,29,49,67,295) వర్తిస్తుంది. 64ని సమాన ముక్కలుగా కోయగలిగే ఏ ముక్కకైనా అంతే.

మూడు గళ్ళ ముక్క మొత్తం 7. 64 మూడుతో తెగదు, ఒక గడి మిగిలిపోతుంది. 7తో శేషం 1 వచ్చింది అందుకే. అమ్మాయి చేసిన భాగహారం సరైనదే.

ఇక తొమ్మిదో తరగతి సర్వసమీకరణం తీయండి. రెండు వర్గాల తేడా అంటే మొత్తం ఇంటూ భేదం. 2⁶⁴ అంటే 2³² వర్గం, 1 అంటే 1 వర్గం. కాబట్టి

2⁶⁴ − 1 = (2³² + 1)(2³² − 1)

2³² − 1 కూడా అలాంటిదే, మళ్ళీ విప్పండి. (2¹⁶ + 1)(2¹⁶ − 1). ఇలా విప్పుకుంటూ వెళ్తే చివరికి మిగిలేవి:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

ఎడమ నుంచి గుణించుకుంటూ రండి. 3 × 5 = 15. 15 × 17 = 255. 255 × 257 = 65,535. 65,535 × 65,537 = 4,29,49,67,295. నాలుగు గళ్ళు, ఒక వరస, రెండు వరసలు, సగం బల్ల. అవే మొత్తాలు! క్లాసులో ఇది చెప్పినప్పుడల్లా పిల్లల కళ్ళు పెద్దవవుతాయి. అందుకోసమే ఈ పాఠం ఎప్పుడొస్తుందా అని చూసేవాణ్ణి.

3, 5, 17, 257, 65537 ప్రధాన సంఖ్యలు. చివరి పదంకెల ఆసామి సంగతి తేలాలి.

బిట్‌బాబు (కాకినాడ)

ప్రోగ్రామర్లకి ఈ సంఖ్య రోజూ తగిలేదే. కంప్యూటర్‌లో 64 బిట్ల (సున్నా గానీ ఒకటి గానీ పట్టే 64 స్థానాల) గడిలో, ధన, రుణ గుర్తు లేకుండా పట్టే అతి పెద్ద పూర్ణసంఖ్య ఇది. రెండు ఆధారంగా రాస్తే 64 ఒకట్లు వరసగా ఉంటాయి. దానికి ఒకటి కలిపితే అన్ని స్థానాలూ సున్నా అయిపోయి, మోయాల్సిన ఒకటికి చోటు లేక మొత్తం సున్నాకి వచ్చేస్తుంది. మాస్టారు చెప్పిన అరువు గింజ కథే, అరువు గింజకి ఇక్కడ గడి ఉండదంతే. సగం బల్ల మొత్తం 32 బిట్ల గరిష్ఠం. పాత పద్ధతి ఇంటర్నెట్ చిరునామాలు, ఐపీవీ4 అంటాం, మొత్తం దానికంటే ఒకటే ఎక్కువ. అవి చాలకే కొత్త పద్ధతి తెచ్చారు.

ఇంకో ముచ్చట. ఒకటి నుంచి ఈ సంఖ్య దాకా ఏ సంఖ్య చెప్పినా సరే, కొన్ని గళ్ళు ఎంచుకుని వాటిలో గింజలు కూడితే అది వస్తుంది. అదీ ఒకే ఒక్క రకంగా. టీచర్ గారు లఘువుల స్థానాలు కూడి చంపకమాలని పట్టుకున్నది ఈ గుణం వల్లే.

సంఖ్యాప్రియ (భీమవరం)

ఎమ్మెస్సీ చదువుతున్నాను. 4294967297 దగ్గర ఆగారు కదా, గణిత చరిత్రలోనూ ఇక్కడ చాలాకాలం ఆగారు. 3, 5, 17, 257, 65537, ఆ తర్వాత ఇది. 2, 4, 16, 256 ఇలా వర్గాలు చేసుకుంటూ పోయి ఒక్కోదానికీ ఒకటి కలిపితే వచ్చే వీటిని ఫెర్మా సంఖ్యలంటారు. 17వ శతాబ్దంలో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అని నమ్మాడు. ఆయిలర్ అనే గణితవేత్త 1732లో ఇది 641తో పోతుందని చూపించాడు.

4294967297 = 641 × 6700417

ఇప్పటిదాకా ఫెర్మా వరసలో తెలిసిన ప్రధాన సంఖ్యలు ఆ మొదటి ఐదే. ఐదూ మన బల్ల మీదే ఉన్నాయి.

కొత్తపేట కుర్రోడు (కొత్తపేట)

641 ఎక్కడినుంచి ఊడిపడింది? ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగించుకుంటూ వెళ్ళాడా?

సంఖ్యాప్రియ (భీమవరం)

లేదు. ఏది భాగించగలదో ముందు జల్లెడ పట్టాడు.

ఒక ప్రధాన సంఖ్య 2³² + 1ని భాగిస్తోందనుకోండి. దానితో 2³²కి శేషం −1 (ఇంకొకటి కలిపితే తెగుతుందన్నమాట), అంటే 2⁶⁴కి శేషం 1. 2 ఘాతాల శేషాలు ఒక చక్రంలా తిరుగుతాయి. ఇక్కడ 64 అడుగులకి 1 దగ్గరికి వస్తాయి, 32 దగ్గర −1 ఉంది కాబట్టి అంతకు ముందు రావు. ఫెర్మాదే ఇంకో సిద్ధాంతం ఉంది: ఆ ప్రధాన సంఖ్య కంటే ఒకటి తక్కువ అడుగులు వేసినా 1కే చేరాలి. కాబట్టి ఆ 'ఒకటి తక్కువ' 64తో తెగాలి. చూడాల్సినవి 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641… అంతే. వీటిలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. ఐదో భాగహారానికే దొరికింది.

భాగహారం కూడా లేకుండా చూపించే దారి ఇంకా అందం. 641 = 5 × 128 + 1. అంటే 5 × 2⁷కి 641తో శేషం −1. నాలుగో ఘాతం చేస్తే 5⁴ × 2²⁸కి శేషం 1. ఇంకోవైపు 641 = 625 + 16, అంటే 5⁴ + 2⁴. కాబట్టి 5⁴ ఉన్న చోట −2⁴ పెట్టొచ్చు. −2⁴ × 2²⁸ = −2³²కి శేషం 1. అంటే 2³² + 1కి శేషం సున్నా. నాలుగు వాక్యాల్లో అయిపోయింది. నాకు గణితంలో అత్యంత ఇష్టమైన నిరూపణ ఏదంటే ఇదే చెబుతాను.

మన సంఖ్యకి ఇప్పుడు ఏడు ప్రధాన కారణాంకాలు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఒక్కోటీ ఒక్కసారే. అందుకని భాజకాలు 2⁷ = 128.

పాతపుస్తకాలు (రాజమహేంద్రవరం)

సగం బల్లకి ఇంకో గౌరవం ఉంది. 1796లో గాస్, అప్పటికి పద్దెనిమిదేళ్ళవాడు, 17 భుజాల క్రమబహుభుజిని వృత్తలేఖిని, స్కేలుతో గీయొచ్చని కనిపెట్టాడు. బేసి భుజాలుంటే ఆ సంఖ్య వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధమై ఉండాలి, లేకపోతే గీయలేం. 'లేకపోతే గీయలేం' అన్న వైపు నిరూపణ 1837లో వాంజెల్ పూర్తి చేశాడు. ఐదు ఫెర్మా ప్రధానాలూ గుణిస్తే వచ్చేది 4,29,49,67,295, మాస్టారి సగం బల్ల. తెలిసినంతలో గీయదగ్గ అతిపెద్ద బేసి బహుభుజి అదే. మొత్తం బల్లన్ని భుజాలున్నదాన్ని గీయలేం, 641 అడ్డుపడుతుంది.

బిట్‌బాబు (కాకినాడ)

వర్గాల మొత్తంగా రాయడం సంగతేంటి సంఖ్యాప్రియ గారూ? ఎన్ని వర్గాలు కావాలి?

సంఖ్యాప్రియ (భీమవరం)

సరిగ్గా నాలుగు. ఏ సంఖ్యకైనా నాలుగు చాలని లగ్రాంజ్ 1770లో నిరూపించాడు. దీనికి మూడు ఎందుకు చాలవంటే, వర్గాలకి 8తో శేషాలు 0, 1, 4 మాత్రమే. మూడింటిని ఎలా కలిపినా 7 రాదు. మన సంఖ్య 8 గుణిజానికి ఒకటి తక్కువ, శేషం 7.

నాలుగు వర్గాలు వెతికి పట్టుకున్నాను:

4294967295² + 92681² + 355² + 202²

మొదటిది సగం బల్ల వర్గం. దాన్ని తీసేస్తే 8589934590 మిగులుతుంది. అందులో పట్టే అతిపెద్ద వర్గం 92681ది. అదీ తీస్తే 1,66,829. అది 13 × 41 × 313. ఈ మూడూ 4తో భాగిస్తే శేషం 1 వచ్చే ప్రధాన సంఖ్యలే, కాబట్టి రెండు వర్గాలుగా విడిపోవడం ఖాయం. 1,26,025 + 40,804. కూడి చూసుకోండి.

లెక్కల మాస్టారు (రాజోలు)

కూడాను తల్లీ, 18446744073709551615. చాలా బాగుంది. ఒక్కటి మిగిలింది. 6700417 ప్రధాన సంఖ్యేనని అందరం ఒప్పేసుకున్నాం. దాని వర్గమూలం 2588 దాటి ఉంటుంది. అంతవరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించడమంటే పదో తరగతి పిల్లకి చాలా పని. నీ జల్లెడ ఇక్కడ పనికొస్తుందా?

సంఖ్యాప్రియ (భీమవరం)

ఇంకా సన్న జల్లెడే ఉంది మాస్టారూ. 64తో కాదు, 128తో తెగాలని లూకాస్ చూపించాడు. 8తో శేషం 1 వచ్చే ప్రధాన సంఖ్య దగ్గర 2 కూడా ఏదో ఒకదాని వర్గంగానే ఉంటుంది. ఆ 'ఏదో ఒకటి' తిరిగే చక్రం 2 చక్రానికి రెట్టింపు, 128 అడుగులు. కాబట్టి 2588 లోపు 128 గుణిజానికి ఒకటి ఎక్కువైనవి చూస్తే చాలు. ఇరవై వస్తాయి. ప్రధానం కానివి తీసేస్తే మిగిలేవి 257, 641, 769, 1153, 1409.

ఐదు భాగహారాలు. అమ్మాయిని చెయ్యనివ్వండి, నేను చెప్పను.

గౌతమీతీరం (అమలాపురం)

చేసింది. తన మాటల్లోనే పెడుతున్నాను:

"6700417ని 257తో భాగిస్తే భాగఫలం 26071, శేషం 170. 641తో 10453, శేషం 44. 769తో 8713, శేషం 120. 1153తో 5811, శేషం 334. 1409తో 4755, శేషం 622. ఒక్కటీ సున్నా కాలేదు కాబట్టి ప్రధాన సంఖ్యే. 2⁶⁴ + 1 కూడా ఫెర్మా వరసలోదే కదా, అది ప్రధానమా?"

సంఖ్యాప్రియ (భీమవరం)

కాదమ్మా. 274177 × 67280421310721. లాండ్రీ అనే ఫ్రెంచి ఆయన 1880లో ప్రకటించాడు, అప్పటికి ఆయనకి ఎనభై దాటాయి. ఈ జల్లెడ ఇక్కడ 256 అవుతుంది. 274177 = 256 × 1071 + 1. దారిలో ప్రధానం కానివి వదిలేసినా, 641 దొరికినంత తొందరగా ఇది చేతికి దొరకదు. శేషాల లెక్క వేసి 274177 దీన్ని భాగిస్తుందని మాత్రం చూపించొచ్చు: 2, 4, 16, 256, 65536 అని వర్గాలు చేసుకుంటూ, 274177 దాటినప్పుడల్లా శేషం తీసుకుంటూ వెళ్ళు. ఆరో వర్గానికి 274176, అంటే −1, రావాలి. వస్తే ఇక్కడ రాయి.